చేతులున్న చక్రం

పోతపని షెడ్డు,
వానలు పట్టుకున్న వారం

అన్నయ్యా,

మీ కమిటీవాళ్ళ కాగితం అందింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక ముందు టీ పెట్టుకున్నాను. మీ విద్యుత్ కేంద్రం గేటు ముందు "విజ్ఞానానికీ, శక్తికీ ప్రతీకగా నిలిచే శిల్పం" కావాలట. అంతవరకూ బాగానే ఉంది. కింద మీ పెద్దసారు సొంత దస్తూరీతో కలిపిన ముక్క చూడు: రెక్కలున్న మగమనిషి, కుడిచేతిలో మెరుపు, తల చుట్టూ గిర్రున తిరిగే అణువులు, కాళ్ళకింద భూగోళం. ఇంకా నయం, మెడకి టై కట్టమనలేదు!

ఎవరన్నయ్యా ఆ మనిషి? మీ దగ్గర ఏ షిఫ్టులో పనిచేస్తాడు? ఆ రెక్కలేసుకుని బాయిలర్ దగ్గరికి వెళ్తే ముందు మాడేవి అవే కదా.

చెయ్యనని రాసి పంపేశాను. బదులుగా ఏం చేస్తానో కూడా రాశాను, మట్టితో చిన్న నమూనా చేసి పెట్టెలో పెట్టి పంపాను. నీకూ చెబుతాను, విను. మనిషంత ఎత్తు కంచు చక్రం, నిలువుగా. దాని అంచు పొడుగునా అరచేతుల గుంటలు. అవి నేను ఊహించి చెక్కేవి కావు, మీ దగ్గర పనిచేసేవాళ్ళ అసలు చేతులకి అచ్చు తీసి పోసేవి. కింద చిన్న డైనమో, పైన ఒకే ఒక్క బల్బు. వచ్చినవాళ్ళు ఆ గుంటల్లో చేతులు పెట్టి నెడితే దీపం వెలుగుతుంది. మానేస్తే ఆరిపోతుంది. అంతే.

ఇది నీ దగ్గర కొట్టేసిందే. చిన్నప్పుడు నన్ను సైకిలెక్కించి, టైరుకి డైనమో ఆనించి, "ఇప్పుడు తొక్కు" అన్నావు గుర్తుందా? లైటు వెలగ్గానే పెడలు బరువెక్కింది. చక్రంలో ఏదో ఇరుక్కుందని నేను ఒకటే గోల. "వెలుగు ఊరికే వస్తుందనుకున్నావా, నీ కాళ్ళలోంచి లాక్కుంటోంది" అన్నావు. సైన్సులో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే, తక్కినదంతా పరీక్షలు రాసి మర్చిపోయాను.

ఒప్పుకుంటే ఇది చేస్తాను. లేదంటే ఆ రెక్కలాయన్ని ఇంకెవరి చేతైనా చేయించుకోమను.

వదినని అడిగానని చెప్పు.

నీ మొండిఘటం


టర్బైన్ హాలు పక్కగది

చెల్లెమ్మకి,

నీ నమూనా చేరింది. మీటింగులో నేనూ కూర్చున్నాను గానీ నోరు విప్పలేదు. నువ్వు నా చెల్లెలివని ఇక్కడ క్యాంటీన్ పిల్లికి కూడా తెలుసు. బాగుందంటే బంధుప్రీతి అంటారు, బాగాలేదంటే ఇంటికెళ్ళాక మీ వదిన ఊరుకోదు.

బయటినుంచి పిలిపించిన ఫిజిక్సు మేడమే నిన్ను గట్టెక్కించింది. నీ మట్టి చక్రాన్ని వేలితో తిప్పి, "ఇందులో అబద్ధం లేదు" అంది. పెద్దసారు ఎదురు చెప్పలేక తలూపారు. ఊపారు గానీ మొహం మాడ్చుకునే ఊపారు, అది గుర్తుపెట్టుకో. కొంచెం అణకువగా ఉత్తరాలు రాస్తే నీ సొమ్మేం పోదు.

ఇక పని సంగతి. బల్బు పెద్దది పెట్టకు. ఒక మనిషి నెడితే తీగ ఎర్రబడాలి, నలుగురైదుగురు నెడితే తెల్లగా వెలగాలి, అలా చూసుకో. బేరింగుల కొలతలు వేరే కాగితంలో రాశాను. కంచు అంత బరువు కాబట్టి ఇరుసు నేను చెప్పిన ఉక్కుతోనే చేయించు, నీ షెడ్డులో మూల పడి ఉన్న కడ్డీతో కాదు.

నువ్వు పంపిన తడిమట్టి పళ్ళేలు పట్టుకుని అన్ని విభాగాలూ తిరిగాను. బొగ్గు యార్డులో బెల్టు దగ్గర ఒకావిడ ఉంటుంది, అందరూ బొగ్గక్క అంటారు. "వేలిముద్రలైతే ఇదివరకే తీసుకున్నారుగా, ఇప్పుడు చెయ్యి చెయ్యంతా కావలసొచ్చిందా?" అంది. సంగతి చెప్పాక, "అయితే కడుక్కోను, ఎలా ఉందో అలాగే తీసుకోండి" అని మసి చేత్తోనే అదిమింది. బాయిలర్ ఫిట్టరుకి చూపుడువేలు సగమే ఉంది. "నాది వద్దులెండి సార్, బొమ్మ పాడైపోద్ది" అని వెనక్కి జంకాడు. బొగ్గక్క అతని మణికట్టు పట్టుకుని మట్టిలోకి నొక్కేసింది. అందరూ ఘొల్లున నవ్వారు, అతనితో సహా.

పళ్ళేలు రేపటి లారీలో వేస్తున్నాను. జాగ్రత్త.

అన్నయ్య


పోతపని షెడ్డు

అన్నయ్యా,

పోత పోసేశాం! కొలిమి దగ్గర కనుబొమలు కొంచెం కాలాయి, చూస్తే నవ్వకు. అచ్చు పగలగొట్టేటప్పుడు నా ప్రాణం నా దగ్గర లేదు. ఎక్కడైనా గాలిబుడగ పడి ఉంటే మొత్తం మళ్ళీ మొదటికే. సుత్తి దెబ్బకి ముందు బొగ్గక్క చెయ్యి బయటపడింది. గీతలన్నీ వచ్చాయి, అరచేతిలో కాయలు కూడా వచ్చాయి. తర్వాత ఫిట్టరు సగం వేలు. ఆ గుంటలో నా చెయ్యి పెట్టి చూశాను. నా వేలు నిండుగా ఉంది కదా, కుదురుకోదు, దాన్ని మడుచుకోవాలి. ఆ చక్రాన్ని నెట్టాలంటే ఎవరైనా సరే అతనిలా వేలు మడుచుకోవాల్సిందే.

మా షెడ్డులోవాళ్ళందరం కలిసి నెట్టాం. బల్బు ముందు ఎర్రబడింది, పసుపుపచ్చైంది, చివరికి తెల్లగా వెలిగింది. వెలిగినకొద్దీ బరువెక్కుతోంది. పక్క దుకాణం వడ్రంగి, "బ్రేకేదో పట్టేసినట్టుందమ్మా" అన్నాడు. "బ్రేకు కాదు బాబూ, దీపం" అన్నాను. నీ మాట చెప్పి నేను పెద్దరికం కొట్టేశాను.

సోమవారం లారీ ఎక్కిస్తున్నాను.

అది సరేగానీ, మీ కమిటీ మళ్ళీ కూర్చుందట కదా. ఇరుసు తయారుచేసినాయన చెప్పాడు. నువ్వు ఒక్క ముక్క రాయలేదేం? పెద్దసారు దగ్గర్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఏమన్నా ఉంటే దాచకు, నాకు మండుతుంది.

మొండిఘటం


క్వార్టర్సు

చెల్లెమ్మకి,

చక్రం క్షేమంగా చేరింది. క్రేనుతో దింపించాను. పునాది బోల్టులు సరిగ్గా కూర్చున్నాయి. చేత్తో తోసి వదిలితే చాలాసేపు చప్పుడు లేకుండా తిరిగింది. గేటు ఎదురుగా గుండ్రటి పచ్చిక ఉంది చూడు, అక్కడ నిలబెట్టాం.

మీ వదిన బాగానే ఉంది. ఇక్కడ వానలు తగ్గాయి. క్యాంటీన్లో కొత్త బెంచీలు వేశారు.

మీటింగు సంగతులంటావా, ఏముంటాయి, మామూలే. చలి మొదలయ్యాక ప్రారంభోత్సవం పెడతారట. అంతా సజావుగానే ఉంది. నువ్వు కంగారుపడి ఇప్పుడే ప్రయాణం పెట్టుకోకు.

అన్నయ్య


పోతపని షెడ్డు

అన్నయ్యా,

క్యాంటీన్లో కొత్త బెంచీలు వేశారా? ఎంత సంతోషం! నాకు చెప్పడానికి నీకు దొరికిన వార్త అదొక్కటేనా?

ఇవాళ మీ ఆఫీసునుంచి డ్రాయింగు వచ్చింది. "సమాచారం నిమిత్తం" అట. నా చక్రం వెనక ఒక మోటారు గీశారు. మీట నొక్కితే చక్రం ఆగకుండా తిరుగుతుందట, దీపం ఆరకుండా వెలుగుతుందట, "నిరంతర శక్తికి చిహ్నం" అట. అంటే మీరు బొగ్గు కాల్చి కరెంటు తీసి, ఆ కరెంటుతో మోటారు తిప్పి, మోటారుతో నా చక్రం తిప్పి, చక్రంతో డైనమో తిప్పి, ఆఖరికి ఒక్క బల్బు వెలిగిస్తారు. అబ్బో! ఇంత బుర్ర ఎవరిదో కనుక్కుందామని కింద సంతకాలు చూశాను. మూడోది నీది.

నీదన్నయ్యా. ఆ వంకర్లు తిరిగిన సంతకం నేను చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద దొంగతనంగా పెట్టడం నేర్చుకున్నదే. నాకు తెలియదా?

వెలుగు ఊరికే రాదని నాకు చెప్పినవాడివి నువ్వు. ఇప్పుడు అదే చక్రాన్ని ఊరికే తిరుగుతున్నట్టు జనానికి చూపించడానికి సంతకం పెట్టింది నువ్వు. నాకు కడుపు మండిపోతోంది. మోటారు తగిలిస్తే అది నా శిల్పం కాదు, ఫ్యాను. నా పేరు తీసేయమను. కాదు, తీసేయొద్దు. పేరు ఉంటుంది, చేతులు ఉంటాయి, పోయేది మోటారే. పెద్దసారుకి కూడా ఇదే రాస్తున్నాను, మర్యాద తగ్గించి.

నీకు రాయడానికి ఇంకేం లేదు.


టర్బైన్ హాలు పక్కగది

చెల్లెమ్మకి,

తిట్టావు, పడ్డాను. ఇప్పుడు నేను చెప్పేదీ విను.

నీకేం, పోత పోసి లారీ ఎక్కించి చేతులు దులుపుకుంటావు. రేపు పొద్దున పెద్దసారు మొహం చూడాల్సింది నేను. ఆ డ్రాయింగు నా బల్లమీదికి వచ్చేసరికే దాని మీద ఆయన సంతకం ఉంది. సరే, ముందు చక్రం గేటు దగ్గర నిలబడనీ, మోటారంటావా, ఎప్పుడో చెడిపోతుంది, చెడిపోయాక బాగుచేయకుండా ఊరుకుంటే సరి అనుకున్నాను. గోడమీద పిల్లినంటావు. అను. జీతం తీసుకునేవాళ్ళకి కొన్నిసార్లు గోడే దిక్కు.

తర్వాత నీ ఉత్తరం చూసి మనసు ఒప్పలేదు. కమిటీలో అడ్డం పడదామనుకున్నాను. నా పద్ధతిలోనే పడ్డాను. "చేతులు పెట్టే గుంటలున్న చక్రానికి మోటారు ప్రమాదం సార్. ఎవరైనా చెయ్యి పెడితే భుజం ఊడుతుంది. గుంటలూ మోటారూ ఒకచోట ఉండటానికి భద్రతా నిబంధన ఒప్పుకోదు" అన్నాను. నిబంధన కూడా చదివి వినిపించాను. దెబ్బకి మోటారు తీసేస్తారనుకున్నాను. చెల్లీ, పప్పులో కాలేశాను.

"నిజమే, మంచి మాట చెప్పావు. అయితే ఆ గుంటలు చెరిపించేద్దాం. అంచు నున్నగా చేయించండి" అన్నారు పెద్దసారు.

చేతులన్నీ గ్రైండర్ పెట్టి అరగదీస్తారు. పై వారం మనిషిని పంపిస్తున్నారు. దీనికి దారి చూపించింది నేనే. ఈ ముక్క దాచాలని రెండు కాగితాలు చింపేశాను. మూడో దాంట్లో రాస్తున్నాను.

అన్నయ్య


పోతపని షెడ్డు

అన్నయ్యా,

చదివి కాసేపు మెట్ల మీద కూలబడ్డాను. కోపం కూడా రాలేదు. తర్వాత వచ్చింది, ఇంకా ఉంది.

మీ పెద్దసారు జవాబిచ్చారు. "శిల్పం ప్రస్తుతం సంస్థ ఆస్తి. తగిన మార్పులు చేసుకొను అధికారం సంస్థకు కలదు." కలదట! లారీ ఎక్కించినప్పుడే నా చేతుల్లోంచి పోయింది. నేనిక్కడినుంచి గొంతు చించుకున్నా ఆ గ్రైండర్ ఆగదు.

ఆపగలిగేవాడివి నువ్వొక్కడివే. ఎలా అని అడగకు, మీ నిబంధనలు నాకు తెలియవు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఇక తెలివి వాడకు. నువ్వు తెలివి వాడిన ప్రతిసారీ వాళ్ళు అందులోంచి తమకి కావాల్సింది తీసుకుంటున్నారు. నువ్వు భద్రత అంటే వాళ్ళు చేతులు తీసేస్తామన్నారు, రేపు ఖర్చు అంటే చక్రమే తీసేస్తామంటారు. వాళ్ళ భాషలో వాళ్ళని ఓడించలేవు. కాదని చెప్పు, చాలు. కారణం అడిగితే కూడా కాదనే చెప్పు.

ఉద్యోగం సంగతి నాకు తెలియకపోలేదు. నిన్ను అడక్కూడదని కూడా తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ సగం వేలు అరగదీస్తే నేను మళ్ళీ పోత పోయలేను అన్నయ్యా, నావల్ల కాదు.

చెల్లి


క్వార్టర్సు,
సామాను మధ్యలో కూర్చుని

చెల్లీ,

అయిపోయింది. ముందు అసలు మాట: చేతులు ఉన్నాయి.

మా దగ్గర బోల్టు విప్పాలన్నా ఆ విభాగం ఇన్‌ఛార్జి పర్మిట్ మీద సంతకం పెట్టాలి. సంతకం లేకుండా ఎవరూ పనిముట్టు ఎత్తరు, అది మాకు ఊపిరి లాంటిది. తిరిగేవన్నీ నా విభాగం కిందకొస్తాయి కాబట్టి నీ చక్రం కూడా నాదే అని వాళ్ళే రాసుకున్నారు. పొద్దున గ్రైండర్ మనిషి పర్మిట్ పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. నేను పెట్టలేదు. అతను టీ తాగి వచ్చాడు. నేను పెట్టలేదు. పెద్దసారే దిగి వచ్చారు.

"ఏమిటయ్యా ఆలస్యం?"

"పర్మిట్ ఇవ్వను సార్."

"ఇవ్వకపోతే కారణం రాయాలి. రాయి."

రాయడానికి నా దగ్గర కారణాలకేం కొదవ? కంచు పొడి బేరింగుల్లో పడుతుందని రాయొచ్చు. చక్రం తూకం తప్పుతుందని రాయొచ్చు. రాస్తే ఏమవుతుంది? గుడ్డ కప్పించు అంటారు, తూకం సరిచేయించు అంటారు. నీ మాట గుర్తొచ్చింది. కారణం అన్న గడిలో "నాకు ఇష్టం లేదు" అని రాసి సంతకం పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఇదేం కారణం?"

"ఇదే సార్ కారణం."

"నీ ఇష్టం ఎవడిక్కావాలి?"

"ఎవరికీ అక్కర్లేదు సార్. గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాశాను."

అప్పటికే బయట జనం పోగయ్యారు. బెల్టు దగ్గరివాళ్ళు, బాయిలర్ వాళ్ళు. ఎవరూ నినాదాలివ్వలేదు, చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఫిట్టరు మాత్రం చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. పెద్దసారు ఒంటికాలి మీద లేచారు. ఆయన అరుస్తుంటే భయమేసింది, అబద్ధం ఎందుకు. కానీ చెల్లీ, ఇన్నేళ్ళ సర్వీసులో నాకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పాక మధ్యాహ్నం ఆకలి దంచేసింది. మీ వదిన మళ్ళీ వండాల్సి వచ్చింది.

సాయంత్రానికి బదిలీ కాగితం వచ్చింది. ఎక్కడో జలాశయం దగ్గర పంపు హౌసు. రేపే చేరాలి. మీ వదిన కొన్నాళ్ళు ఇక్కడే ఉంటుంది.

నా చోట్లో వచ్చే ఆయన పర్మిట్ మీద పెడతాడో పెట్టడో తెలియదు. అది నా చేతిలో లేదు.

అన్నయ్య


క్వార్టర్సు, వదిన వంటింట్లో బల్లమీద

అన్నయ్యా,

ఇవాళ ప్రారంభోత్సవం జరిగింది. నన్ను పిలవలేదు, నేనే వచ్చాను. వరసగా చెబుతాను.

నీ చోట్లో వచ్చినాయనకి పర్మిట్ చూడగానే నడుంనొప్పి వచ్చి సెలవు పెట్టాడట. ఆ తర్వాతాయన కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాడట, వారమంతా మర్చిపోతూనే ఉన్నాడట. ఆహ్వానాలు అచ్చయిపోయాయి, తేదీ దగ్గరపడింది. చేసేది లేక మోటారు పెట్టెలోనే ఉండిపోయింది, గ్రైండర్ మనిషి వెళ్ళిపోయాడు. పెద్దసారు ఊరుకుంటారా? చక్రం చుట్టూ ఇనుప గొలుసు కట్టించి, "ముట్టుకొనరాదు" అని బోర్డు పెట్టించారు.

ముఖ్య అతిథి గుడ్డ లాగారు. చప్పట్లు. చక్రం కదల్లేదు, దీపం వెలగలేదు. అతిథి మీట కోసం అటూ ఇటూ వెతికి, "ఇది ఏం చేస్తుందండీ?" అని అడిగారు. "చిహ్నమండీ, ఏమీ చెయ్యదు" అన్నారు పెద్దసారు.

ఏమీ చెయ్యదట! అప్పటికి గొలుసు దాటేశాను. కాపలాదారు "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. నా బలమంతా పెట్టి నెట్టాను. నువ్వు చెప్పిన లెక్కే, ఒక్కదాన్నే నెడితే తీగ ఎర్రబడి ఊరుకుంది. ఎండలో ఎవరికీ కనపడను కూడా లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అంత సిగ్గు జన్మలో పడలేదు. ఆపేద్దామా అనిపించింది కూడా.

అప్పుడు బొగ్గక్క గొలుసు దాటింది. తిన్నగా వెళ్ళి తన గుంట వెతుక్కుని చెయ్యి పెట్టింది. వెనకే ఫిట్టరు. అతని వేలు ఏం మడవనక్కర్లేకుండా కూర్చుంది. తర్వాత ఎవరు ఎటునుంచి వచ్చారో నాకు తెలియదు, నన్ను పక్కకి నెట్టేశారు. ఆ బరువుకి రొప్పుతున్నారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు, నవ్వుతున్నారు. పట్టపగలు ఆ బల్బు కళ్ళు చెదిరేలా వెలిగింది. అతిథి కోటు విప్పి, "నాకూ కాస్త చోటివ్వండి" అన్నారు. ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు షిఫ్టు మారినప్పుడల్లా ఎవరో ఒకరు గొలుసు దాటి ఒక నెట్టు నెట్టి వెళ్తున్నారు. గొలుసు అలాగే ఉంది, బోర్డు అలాగే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. టీ దగ్గర పెద్దసారు నన్ను పక్కకి పిలిచారు. "మీ అన్నయ్య పనిమంతుడమ్మా. పర్మిట్ మీద రాసినదానికి పొరపాటైందని ఒక్క ముక్క రాసి పంపమను, వెంటనే వెనక్కి పిలిపిస్తాను" అన్నారు. నీకు చెప్పమన్నారు, చెప్పాను. రాయొద్దని నా ప్రాణం కొట్టుకుంటోంది. కానీ నీ చేత ఒకసారి అడగరానిది అడిగి చేయించాను, రెండోసారి అడగను. వదిన పొయ్యి దగ్గర్నుంచి, "రాస్తే ఇంట్లోకి రానివ్వనని రాయి" అంటోంది. అంటోంది గానీ, నీ చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉంచింది. నీ ఇష్టం అన్నయ్యా.

చెల్లి


జలాశయం పంపు హౌసు

చెల్లీ,

ఇక్కడ గాలి బాగుంది, మనుషులు తక్కువ. పంపులు పాతవే గానీ మాట వింటున్నాయి. మీ వదినని సామాను సర్దుకుని వచ్చేయమను. ఇల్లు చిన్నదే, ఇద్దరికి సరిపోతుంది.

నీ ఉత్తరం నాలుగైదుసార్లు చదివాను. ఇక్కడి ఆపరేటరుకి కూడా చదివి వినిపించాను. అతిథికి చోటివ్వలేదన్న చోట అతను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

పెద్దసారు ఒక్క ముక్క రాయమన్నారుగా, రాసి పంపాను. నువ్వూ చదువు.

"అయ్యా, శిల్పం చుట్టూ కట్టిన గొలుసు షిఫ్టు మారే వేళ దాటేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతున్నట్టు తెలిసింది. ఎవరైనా బోర్లా పడకముందే తీసేయించగలరు."

కింద సంతకం పెట్టాను.

అన్నయ్య